వాగ్భటాచార్యుడు - హనుస్రంస చికిత్స

ఆయుర్వేదమున బృహత్త్రయి యని చెప్పబడు మూడు గ్రంథములలో చరక సుశ్రుత సంహితల తరువాతి స్థానము వాగ్భటునిది. ఆ మూడవ గ్రంథము అష్టాంగసంగ్రహమా, అష్టాంగహృదయమా అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. పాఠశాలలలో తరతరములుగా వల్లెవేయబడినది మాత్రము హృదయమే. అంత ప్రసిద్ధుడైన ఆచార్యుని జీవితమును గూర్చి నిశ్చయముగా చెప్పదగినది మిక్కిలి స్వల్పము. సంగ్రహము ముగింపున తన్ను గూర్చి తాను చెప్పుకొనినదే ముఖ్యాధారము. దానినిబట్టి ఆయన సింధుదేశమున జన్మించెను. తాత పేరును వాగ్భటుడే. ఆ తాత వైద్యశ్రేష్ఠుడు. తండ్రి సింహగుప్తుడు. శాస్త్రము నభ్యసించినది అవలోకితుడను గురువు నొద్ద, అంతకంటె నధికముగా తండ్రి యొద్ద. తండ్రిని గురువుకంటె గురుతరునిగా పేర్కొనుట గమనింపదగినది. వైద్యము కులవిద్యగా నున్న యింట పుట్టి, రోగుల నడుమ పెరిగి, పిమ్మట గ్రంథకర్త యైనవాని మాటగా అది వినబడుచున్నది.

ఆయన కాలము క్రీ.శ. 7వ శతాబ్దపు పూర్వార్ధ ప్రాంతమని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. చైనా బౌద్ధయాత్రికుడు ఇత్సింగు 671లో స్వదేశము విడిచి, భారతదేశమున పెక్కేండ్లు గడపి, 695లో తిరిగి చేరెను. వైద్యమునందలి అష్టాంగములు పూర్వము ఎనిమిది గ్రంథములుగా నుండెననియు, ఇటీవల నొకడు వాని నొక్క గ్రంథముగా సంక్షేపించెననియు, ఈ దేశపు వైద్యులు దాని ననుసరించుచున్నారనియు ఆయన తన వృత్తాంతమున వ్రాసెను. ఆ సంక్షేపకర్త పేరు మాత్రము వ్రాయలేదు. అతడు వాగ్భటుడే యని కొందరు, అట్లు నిశ్చయింప వీలులేదని కొందరు. ఇట్టి వివాదమే ఆయన మతమును గూర్చియు నున్నది. గురువు పేరును, సంగ్రహమున కనబడు కొన్ని మంత్రములును బౌద్ధము వైపు చూపుచున్నవి. గోబ్రాహ్మణ దేవతార్చనమును విధించిన సద్వృత్తము వైదికాచారము వైపు చూపుచున్నది. హృదయము మొదట నమస్కరింపబడిన అపూర్వవైద్యుడు ఎవరో వ్యాఖ్యాతలకే వదలివేయబడినది. రోగికి అది అప్రస్తుతము గనుక ఈ చర్చను ఇంతటితో విడుచుట మేలు.

సంగ్రహ హృదయముల కర్త యొక్కడా ఇద్దరా అను ప్రశ్న ఇంతకంటె బరువైనది. సంగ్రహము గద్యపద్యాత్మకము, 150 అధ్యాయములు గలది. హృదయము పద్యమయము, 120 అధ్యాయములు గలది. సంప్రదాయము మొదటివానిని వృద్ధవాగ్భటుడనియు, రెండవవానిని వాగ్భటుడనియు వేరు చేసినది. అయితే హృదయపు చివర గ్రంథకర్త, అష్టాంగవైద్య సముద్రమును మథించి సంగ్రహమను అమృతము పొందబడినదనియు, అల్పప్రయత్నము గలవారి కొరకు దానినుండియే ఈ గ్రంథము వేరుగా చేయబడినదనియు చెప్పుచున్నాడు. ఒకే కర్త తన పెద్ద గ్రంథమును తానే కుదించెనని చెప్పువారికి ఇది బలము. ఈ వ్యాసమున చర్చింపబడునది హృదయము గాన, ఆ గ్రంథకర్తనే వాగ్భటుడని వ్యవహరించుట జరిగినది.

నిశ్చితవిషయములు తక్కువైనచోట కథలు పెరుగుట సహజము. వాగ్భటుడు వేషము మార్చుకొని మ్లేచ్ఛుడగు వైద్యునొద్ద శాస్త్రము నేర్చెననియు, ఆ కారణమున స్వజనులచే బహిష్కృతుడయ్యెననియు కేరళమున నొక కథ కలదు. ఆరోగ్యవంతుడెవడని పక్షి యొకటి యడుగగా ఆయన హితమితాహారమును గూర్చి సమాధానమిచ్చెనని మరియొక కథ. ఇవి చరిత్రలు కావు. అయినను మొదటి కథలో నొక సత్యచ్ఛాయ కలదు. విద్య ఎవనినుండి వచ్చినదనుటకంటె అది పనిచేయుచున్నదా యనుటయే ఆయనకు ముఖ్యమని హృదయమే సాక్ష్యమిచ్చుచున్నది.

ఆ గ్రంథపు తుదిఘట్టమున ఆచార్యుని స్వరము ఒక్కసారిగా తీవ్రమగును. ఋషిప్రోక్తమన్న మాత్రమున గ్రంథమును ఆదరింపవలసియున్నచో భేడాదులను విడిచి చరక సుశ్రుతులనే ఏల చదువుచున్నారని ఆయన ప్రశ్న. చెప్పినవాడు ఎవడైనను ద్రవ్యముయొక్క శక్తి మారదని ఆయన వాదము. చరకము మాత్రమే చదివినవానికి సుశ్రుతాదులు చెప్పిన వ్యాధుల పేర్లయినను తెలియవు. చరకము చదువనివాడు రోగికి చేయగలిగినదేమియు లేదు. ఈ మాటలలో పరిహాసమును కలదు, ఆవేదనయు కలదు. సగము చదువుకొన్న వైద్యుని చేతిలో రోగి ఏమగుచున్నాడో కన్నులార చూచినవాడు గాని ఇట్లు వ్రాయడు. ఈ ఆక్షేపణ ఎంత యథార్థమో తెలిసికొనుటకు పెద్దరోగముల జోలికి పోనక్కరలేదు. దవడకీలు ఒక్కటి చాలును.

సుశ్రుతుడు శారీరస్థానమున సంధులను ఎనిమిది విధములుగా విభజించి, దవడకు ఇరుప్రక్కల నుండు సంధులను వాయసతుండములలో చేర్చెను. వాయసతుండమనగా కాకిముక్కు. నేటి శారీరశాస్త్రమునుబట్టి క్రిందిదవడ యెముకయొక్క గుండ్రని పైకొన చెవి ముందర శంఖాస్థిలోని గుంటయందు కదలును. రెంటి నడుమ నారతో నేర్పడిన పలుచని బిళ్ల యొకటి యుండును. నోరు తెరచునపుడు ఆ కొన తలుపు బందువలె తిరుగుటతో నాగక ముందునకును జారును. ఇట్లు జారుట దాని స్వభావమే. కాని హద్దుమీరి ముందున్న మిట్టను దాటినచో తనంత వెనుకకు రాజాలదు; నోరు తెరచినది తెరచినట్లే నిలిచిపోవును. నడుమనున్న బిళ్ల ముందునకు తప్పి అడ్డుపడినచో దీనికి విపర్యయముగా నోరు కొంతవరకే తెరచుకొని ఆగిపోవును. మొదటి స్థితిలో రోగి మ్రింగలేడు, మాటాడలేడు, లాలాజలము కారుచుండును. రెండవదానిలో కబళము నోట పెట్టుటయే కష్టము. వాడుకలో దవడ జారుట, దవడ పట్టుకొనుట యనునవి ఈ రెండే.

వాగ్భటునికి ముందున్న గ్రంథములలో ఈ వ్యాధి చెదరియున్నది. సుశ్రుతసంహితయందు నిదానస్థానమున హనుమోక్షమను పేర దంతరోగములలో చేర్చి, దానికి అర్దిత లక్షణములను చెప్పినారు. చికిత్స కొరకు భగ్నచికిత్సాధ్యాయమునకు పోవలెను. అచ్చట విడివడిన దవడయెముకలను సరిజేసి, స్వేదము చేసి, కుదురుగా నిలిచిన పిమ్మట పంచాంగీబంధము కట్టవలెననియు, వాతహరములు మధురములు నగు ద్రవ్యములతో పక్వమైన నేతిని నస్యముగా వాడవలెననియు కలదు. చరకసంహితలో ఈ వ్యాధి చికిత్సాస్థానము 28వ అధ్యాయమైన వాతవ్యాధి ప్రకరణమున నున్నది. ఆ భాగము పంచనదపురవాసి దృఢబలుడు పూరించినది. అచ్చట చేతిపని విశదముగా చెప్పబడినది. నోరు తెరచుకొని నిలిచిపోయినవానికి దవడను స్వేదముతో మెత్తపరచి, బొటనవ్రేళ్లతో అదిమి, చూపుడువ్రేళ్లతో గడ్డమును పైకెత్తవలెను. జారినదానిని స్వస్థానమునకు చేర్చవలెను. బిగిసినదానిని స్వేదించి వంచవలెను.

కావున సుశ్రుతము మాత్రమే తెలిసినవానికి కట్టు తెలియును, వ్రేళ్లను ఎట్లుంచవలెనో తెలియదు. చరకము మాత్రమే తెలిసినవానికి వ్రేళ్లు తెలియును, కట్టు తెలియదు. నోరు మూతపడక కూర్చున్న రోగి ఈ ఇద్దరిలో ఎవని యింటికి పోయినను సగము వైద్యమే దొరకును. వాగ్భటుని ఆక్రోశము వట్టి వాదప్రియత్వము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

వాగ్భటుడు చేసినదేమి? మొదట వ్యాధిని దంతరోగముల నుండి తొలగించెను. హృదయము ఉత్తరస్థానమున దంతరోగములను లెక్కించినపుడు ఇది వానిలో లేదు. నిదానస్థానము 15వ అధ్యాయమున వాతవ్యాధులలో హనుస్రంసమను పేర దానికి ప్రత్యేకస్థానమిచ్చెను. నాలుకను అతిగా గీయుట, ఎండిన గట్టి పదార్థములను తినుట, దెబ్బ తగులుట అను మూడు కారణములను చెప్పి, దవడ మొదట నున్న వాయువు ప్రకోపించి దవడలను జార్చుననియు, అందువలన నోరు తెరచియే యుండుటయో మూసియే యుండుటయో సంభవించుననియు, నమలుట మాటాడుట కష్టమగుననియు వివరించెను. ఈ కారణములు మూడును నిత్యజీవితము నుండి ఎత్తుకొన్నవి. నాలుకబద్దతో గొంతు మొదలంట గీయుటకు నోటిని ఎంత తెరువవలెనో తలచుకొన్నచో మొదటి కారణపు యుక్తి బోధపడును.

శరీరము విల్లువలె వంగిపోవు వ్యాధులలో దవడ బిగియుటను ఆయన దీనితో కలుపలేదు. అంతరాయామమున మాట, దవడ, వీపు, శిరస్సు అన్నియు పట్టుకొనునని వేరుగా చెప్పెను. శరీరమంతటిని పట్టిన వ్యాధిలో దవడ యొక భాగము. హనుస్రంసమున దవడయే వ్యాధిస్థానము. ఈ భేదము తెలియక ధనుర్వాతపు రోగి దవడను బలిమితో తెరువబూనుట ప్రాణాంతకము కాగలదు.

చికిత్సాస్థానము 21వ అధ్యాయమున చెప్పిన క్రమము చిన్నదైనను చక్కని పౌర్వాపర్యము గలది. ముందు స్నేహము, పిమ్మట స్వేదము, ఆ పిమ్మటనే చేయి. నూనెయు కాకయు పట్టిన దవడలను స్వస్థానమునకు తేవలెను. నోరు తెరచియున్నచో గడ్డమును పైకెత్తవలెను, మూసియున్నచో క్రిందికి వంచవలెను. తక్కిన చికిత్స అర్దితమునకు చెప్పినట్లు, అనగా నస్యము, శిరస్సునకు తైలము, చెవులను కన్నులను స్నేహముతో తృప్తిపరచుట. ఆ అధ్యాయపు ఆరంభముననే దీనికి మూలమైన యుక్తిని ఆయన చెప్పియుంచెను. ఎండిన కట్టెయైనను నూనె రాచి కాచినచో వంగును; ఇక బ్రతికియున్నవాని అవయవముల మాట చెప్పనేల యని దాని భావము. వడ్రంగి యెరిగిన విషయమే వైద్యునికి ప్రమాణమైనది.

స్వేదమును గూర్చిన వివరములు సూత్రస్థానము 17వ అధ్యాయమున నున్నవి. తాపము, ఉపనాహము, ఊష్మము, ద్రవము అని స్వేదము నాలుగు విధములు. దవడవంటి చిన్నచోటికి తాపమును ఉపనాహమును అనుకూలములని తోచును. తాపమనగా వేడిచేసిన గుడ్డ, అరచేయి మున్నగువానితో పెట్టు కాపడము. ఉపనాహమనగా వాతహరద్రవ్యములను నూరి వెచ్చగా పట్టువేసి కట్టుట. రాత్రి కట్టినదానిని పగలును, పగలు కట్టినదానిని రాత్రియు విప్పవలెనని నియమము. కన్నులకును హృదయమునకును స్వేదము మిక్కిలి తక్కువగా చేయవలెను, లేదా మానవలెను. దవడకును కంటికిని నడుమ దూరము నాలుగు వ్రేళ్లే గాన ఈ హెచ్చరిక ఇచ్చట మరింత అవసరము. కట్టు విషయమున సుశ్రుతుని పదునాలుగు బంధములను వాగ్భటుడు పదునైదు చేసి, చెక్కిలి దవడ కణతలకు ఖట్వాబంధమును, జత్రువునకు పైభాగమున పంచాంగిని విధించెను. ఒక్క గ్రంథము చదివినవానికి స్నేహము, స్వేదము, హస్తకర్మ, బంధము నాలుగును దొరకినవి.

ఇంత మేలులోను ఒక నష్టము కలదు. చరకసంహితలోని బొటనవ్రేళ్లు, చూపుడువ్రేళ్లు హృదయమున కనబడవు. వానికి మారుగా కుశలుడు ఈ పని చేయవలెనని ఒక్క పదము నిలిచినది. సంక్షేపము కోరినవాడు వివరమును విడుచుట తప్పదు. నేర్పరి యన్న మాటలో గురువు చేతిపై ఆయన యుంచిన నమ్మకము తెలియుచున్నది. తండ్రి ప్రక్కన నిలిచి దవడ యెక్కించుటను చూచినవానికి ఆ పదము చాలును. శ్లోకము మాత్రమే కంఠస్థము చేసినవానికి చాలదు. వ్రేలు ఎచ్చట మోపవలెనన్నది అలంకారము కాదు, అదియే చికిత్స. ఈ ఒక్కచోట వాగ్భటుని పొదుపు హద్దు మీరినదనుటకు సంకోచింప నక్కరలేదు.

ఆ వ్రేళ్ల విద్య ఇతరదేశములలోను స్వతంత్రముగా కనబడుట విశేషము. క్రీ.పూ. 1600 ప్రాంతమున వ్రాయబడిన ఈజిప్టు పత్రము, ఎడ్విన్ స్మిత్ పేర ప్రసిద్ధమైనది, 25వ రోగిప్రకరణమున నోటిలో బొటనవ్రేళ్లును గడ్డము క్రింద తక్కిన వ్రేళ్లును ఉంచి దవడను వెనుకకు చేర్చు విధము చెప్పినది. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేర నున్న సంధిగ్రంథమును దీనిని చెప్పినది. నేటి వైద్యులును క్రింది దంతముల పైగా బొటనవ్రేళ్లతో క్రిందికిని వెనుకకును అదిమియే జారిన దవడను ఎక్కించుచున్నారు. మానవుని దవడ ఎల్లదేశముల నొక్కటే గాన చేతులును ఒక్క త్రోవకే వచ్చినవి.

రోగము రాకుండ చూచుటలో వాగ్భటుడు మిక్కిలి సూక్ష్మదృష్టి గలవాడు. తుమ్మునపుడు, నవ్వునపుడు, ఆవులించునపుడు నోటిని కప్పికొనవలెనని దినచర్యాధ్యాయమున కలదు. ఆవులింతను ఆపరాదనియు, ఆపినచో మెడబిగువు అర్దితాదులు కలుగుననియు తరువాతి వేగములను గూర్చిన అధ్యాయము చెప్పుచున్నది. రెంటిని కలిపి చదివినచో ఆవులింపవలెను గాని నోటిని విచ్చలవిడిగా విప్పరాదని తేలుచున్నది. మొదటిది శిష్టాచారముగా చెప్పబడినదే. అయినను దవడకీలు వదులైనవారిని ఆవులించునపుడు గడ్డము క్రింద పిడికిలి ఆన్చుకొనుమని నేటి ఫిజియోథెరపీ నిపుణులు చెప్పు సలహాకు ఇది యెంత దగ్గరనున్నదో చూడదగును.

వాగ్భటుని యనంతరము హృదయమునకు కలిగిన వ్యాప్తి అసామాన్యము. అరుణదత్తుని సర్వాంగసుందర, దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి రచించిన ఆయుర్వేదరసాయనము, చంద్రనందనుని పదార్థచంద్రిక, ఇందుని శశిలేఖ మున్నగు వ్యాఖ్యలు వెలసినవి. టిబెట్టు పండితుడు రిన్‌చెన్ జాంగ్పో (958-1055) హృదయమును చంద్రనందనుని వ్యాఖ్యతో సహా తన భాషలోనికి మార్చెను. కేరళమున అష్టవైద్యుల యిండ్లలో ఇదియే ప్రధానగ్రంథము. 1939లో బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయము అరుణదత్త హేమాద్రి వ్యాఖ్యలతో వెలువరించిన ప్రతి పండితలోకమునకు ప్రామాణికమైనది. 1941లో జర్మనుభాషలోనికిని అనువాదము వచ్చినది.

హనుస్రంస లక్షణము హృదయము నుండి మాధవనిదానమునకు దాదాపు మాటకు మాటగా పోయినది. అచ్చట మాధవకరుడు పేరు మాత్రము హనుగ్రహమని మార్చెను. స్రంసమనగా జారుట, గ్రహమనగా పట్టుట. నిదానమునకు దేశమంతట మాధవునే చదువుచుండుటచే కొత్తపేరే నిలిచినది. దీని ఫలము చిన్నది కాదు. జారినదని తలచినవాడు చేయి చాచి సరిజేయబూనును. పట్టినదని తలచినవాడు తైలమును కషాయమును వెదకును. కాలక్రమమున వైద్యుల యిండ్లలో నస్యతైలములు మిగిలినవి; కీలు ఎక్కించు చేతిపని వారికి దూరమై ఎముకలు కట్టువారి పాలైనది. తెలుగునాట పుత్తూరు కట్టు పేరు వినని పల్లె యుండదు. శాస్త్రమొక యింటను, చేయి మరియొక యింటను ఉండుట వాగ్భటుడు కోరినది కాదు.

నేడు దవడకీలు బాధలకు ముందుగా విధింపబడునవి తడికాపడము, నమలు కండరముల మర్దనము, నిపుణుని చేత నెమ్మదిగా కీలును కదలించుట, రోగి తానే చేయదగిన వ్యాయామములు, మెత్తని ఆహారము. శస్త్రచికిత్స వీని తరువాతిది. వీనిలో తొలిమూడును హృదయమునందలి స్నేహ స్వేద హస్తకర్మల వరుసతో చేరువ గలవే. రోగి స్వయముగా చేయు వ్యాయామమును మాత్రము వాగ్భటుడు ఈ ప్రకరణమున విధింపలేదు. అయితే సూత్రస్థానము 22వ అధ్యాయమున గండూషమునకును కబళమునకును ఆయన చూపిన భేద మొకటి కలదు. ద్రవముతో నోరు నిండి కదలింప వీలుకాకుండ నిలుపునది గండూషము. నోట కదలింప వీలైనది కబళము. నిత్యము పట్టుటకు నువ్వులనూనె మంచిదని అచ్చటనే విధించెను. నూనెను పుక్కిలించువాడు తెలియకయే దవడను అన్ని దిక్కులకు మెల్లగా త్రిప్పుచున్నాడు. ఇట్లు స్నేహగండూషము వలన దవడలకు బలము కలుగునను మాట చరకసంహిత సూత్రస్థానము 5వ అధ్యాయమున ముందే చెప్పబడియున్నది.